కల్పిత క్రీడాసంఘము - ఇతివృత్త విచారము

ఇతివృత్తము ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములని దశరూపక కర్త ధనంజయుడు చెప్పియున్నాడు. ఇతిహాసాదుల నుండి గ్రహింపబడినది ప్రఖ్యాతము. కవి తన బుద్ధిచే కల్పించుకొనినది ఉత్పాద్యము. రెండును కలిసినది మిశ్రము. పదవ శతాబ్దినాటి ఈ విభాగమును మనము తరగతులలో ప్రబంధములకును, రూపకములకును అన్వయించి బోధించుచున్నాము. నేటి కథలకు వస్తువులగుచున్న క్రొత్త విషయములకు దీనిని అన్వయించి చూచుట మాత్రము అరుదు. అట్టి క్రొత్త వస్తువు నొకదానిని ఈ వ్యాసమున పరిశీలింప దలచినాము. అది లేని దేశములో, లేని ఊరిలో ఆడుచున్నట్లు చెప్పబడు ఫుట్‌బాలు సంఘము.

సాహిత్య విచారమున బంతియాటకు చోటెక్కడిదని కొందరికి తోపవచ్చును. ఒక్క విషయము గమనింప వలయును. క్రీడాసంఘమునకు పేరు, పుట్టిన సంవత్సరము, ఆడు మైదానము, ధరించు రంగులు, పోషకులు, తరతరముల శత్రువులు, జయాపజయముల పట్టిక ఉండును. పూర్వము రాజవంశమును వర్ణించుటకు కవికి వలసిన సామగ్రి యంతయు ఇందున్నది. బిరుదులకు బదులు కప్పులు, దండయాత్రలకు బదులు పోటీలు, ఆస్థానమునకు బదులు మైదానము వచ్చినవి. కావున సంఘమును కల్పించువాడు తెలిసియో తెలియకయో వంశచరిత్రను కల్పించుచున్నాడు. ఆ కల్పన ఎప్పుడు నమ్మదగినదగును, ఎప్పుడు తేలిపోవును అనునది అలంకారశాస్త్ర సంబంధమైన ప్రశ్నయే.

ప్రఖ్యాతము

కల్పితమును పరీక్షించుటకు ముందు నిజమైనదానిని ఎదుట నుంచుకొనుట మేలు. తెలుగునాట అందులకు తగినది హైదరాబాదు నగర పోలీసు జట్టు. ఈ జట్టు 1950 నుండి 1954 వరకు ఐదేండ్లు వరుసగ బొంబాయిలోని రోవర్సు కప్పును గెలిచినది. డ్యూరాండు కప్పును 1950, 1954, 1957 సంవత్సరములలో గెలిచినది. ఈ విజయములకు మూలపురుషుడు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయన 1909లో హైదరాబాదున జన్మించెను. వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆటగాండ్రు బంతిని తమ కాలికడనే త్రిప్పుకొనుచు కాలయాపన చేయకుండుటకును, బలహీనమైన కాలు సైతము పనికి వచ్చుటకును ఆయన ప్రత్యేక నియమములతో పోటీలు పెట్టించెను. 1950 నుండి భారత జట్టునకు శిక్షకుడై, 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణ పతకములను సాధించి పెట్టెను. 1956 మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో ఆయన శిక్షణ పొందిన జట్టు సెమీఫైనలు వరకు వెళ్లి నాలుగవ స్థానమున నిలిచినది. జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1 గోళ్లతో గెలిచిన తరువాత ఏడాదియైనను నిండక మునుపే, 1963 జూన్ 11న, ఆయన మరణించెను.

ఆ తరము ఆటగాండ్రలో తులసీదాసు బలరాము ఒకడు. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో తమిళ కుటుంబమున పుట్టి, 1956, 1960 ఒలింపిక్ క్రీడలలోను, 1962 జకార్తా విజయములోను పాల్గొని, 2023 ఫిబ్రవరిలో కీర్తిశేషుడయ్యెను. ఉర్దూ, తెలుగు, తమిళము మాటలాడు యువకులు ఒకే మైదానమున కలిసిన నగరమది. ఆ కలయికయే ఆనాటి జట్టులకు నెత్తురు.

ఇచ్చట మన విచారమునకు ముఖ్యమైన అంశమొకటి కలదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. తరువాత కొలది యేండ్లకే విజేతల పట్టికలలో 'హైదరాబాదు నగర పోలీసు' అను పేరునకు మారుగా 'ఆంధ్ర పోలీసు' అను పేరు కానవచ్చుచున్నది. 1960 రోవర్సు కప్పు, 1961 డ్యూరాండు కప్పు ఆ పేరుతోనే గెలువబడినవి. దేశపటము మారగా సంఘము పేరు మారినది. ఇట్టిదే వేరొక రీతిని మన కాలమునను జరిగినది. పుణె నగర సంఘము తొలగగా 2019లో దాని స్థానమున హైదరాబాదు ఎఫ్.సి. వెలసినది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానమున కేరళ బ్లాస్టర్సు జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేతయైనది. 2025లో ఢిల్లీకి తరలి పేరును సైతము మార్చుకొనినది. మొదటి సందర్భమున పేరు మార్చినది రాజ్యవ్యవస్థ. రెండవ సందర్భమున మార్చినది ధనము. నిజమైన సంఘము తన కాలపు శక్తుల ముద్రను ఒడలిపై మోయునని దీనివలన తెలియుచున్నది.

మిశ్రము

రహీము జీవితము 2024లో 'మైదాన్' అను హిందీ చలనచిత్రమైనది. అజయ్ దేవగణ్ ఆ పాత్రను ధరించెను. అందు నిజమైన పోటీలు, నిజమైన ఆటగాండ్ర పేర్లు ఉన్నవి. కథా సౌకర్యమునకై కల్పించిన పాత్రలును ఉన్నవి. ఇది మిశ్రేతివృత్తము. వసుచరిత్ర పీఠికలో రామరాజభూషణుడు కేవల కల్పిత కథలను కృత్రిమ రత్నములతోను, పూర్వకథలను గనిలో పుట్టిన రత్నములతోను, కవికల్పనచే మెరుగుపడిన పూర్వ వృత్తములను సానబట్టిన జాతిరత్నములతోను పోల్చి, కడపటి వానికే పెద్దపీట వేసెను. ఆయన లెక్కలో ఈ చిత్రము మూడవ జాతిది. ఇట్టి దానియందు సానరాతి పని యెంతవరకు, రత్నము పని యెంతవరకు అని విడదీయుట పరిశోధకుని బాధ్యత. చూచువాడు రెంటిని కలిపియే మనసున నిలుపుకొనును. కొంతకాలమునకు కల్పిత పాత్రయు చరిత్రలో చేరిపోవును.

ఉత్పాద్యము

ఇక కేవల కల్పనము. దక్షిణ భారతమున కల్పిత క్రీడాసంఘమునకు చక్కని ఉదాహరణము ఆర్.కె. నారాయణ్ 1935లో ప్రకటించిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' అను ఆంగ్ల నవలలో కలదు. మాల్గుడి అను లేని ఊరిలో బాలురు క్రికెట్ సంఘమును స్థాపింతురు. ఏ పేరు పెట్టవలెనని తర్జనభర్జన పడుదురు. సంఘము పెట్టినచో ప్రభుత్వము పన్ను వేయునేమో యని భయపడుదురు. మద్రాసు మౌంటురోడ్డులోని అంగడికి బ్యాట్లు పంపుమని ఉత్తరము వ్రాయుదురు. ఊరు కల్పితము, సంఘము కల్పితము. కాని పన్నును గూర్చిన ఆ భయము నిజము, మౌంటురోడ్డు నిజము. పరపాలనలో పెరుగుచున్న పిల్లవాని మనస్సున ప్రభుత్వ మెట్లు కూర్చుండినదో ఆ యొక్క సంశయము చెప్పివేయుచున్నది. కథానాయకుడు అడవిలో దారి తప్పి అసలు పోటీకి అందడు, జట్టు ఓడిపోవును. స్నేహము చెడును. నారాయణ్ తన సంఘమునకు గెలుపు నీయలేదు. దానిని నమ్ముటకు మనకు కలుగు కారణములలో ఆ ఓటమి యొకటి.

విశాఖ తీరమునకు వత్తము. 2010లో వెలువడిన 'భీమిలి కబడ్డీ జట్టు' అను తెలుగు చిత్రము, అంతకు ముందేడు తమిళమున వచ్చిన 'వెన్నిల కబడి కుళు' అను చిత్రమునకు రూపాంతరము. ఎన్నడును గెలుపెరుగని పల్లెజట్టు కథ. భీమిలి కల్పితము కాదు. డచ్చి వర్తకుల సమాధులు గల ప్రాచీన రేవు, 1861లోనే పురపాలక సంఘ మేర్పడిన పట్టణము. జట్టు మాత్రము కల్పితము. గమనింప దగిన దేమనగా, తమిళదేశపు పల్లెలో పుట్టిన జట్టును పెరికి తెచ్చి ఉత్తరాంధ్ర తీరమున నాటగా అది నాటుకొనినది. హైదరాబాదు పోలీసు జట్టును అట్లు పెరికి వేరొకచోట నాటలేము. అయినచో ఈ జట్టు ఎట్లు నాటుకొనెను? కబడ్డీ రెండుచోట్లను పల్లెల ఆట కావుటయు, పేద యువకుడు భూస్వామి ఇంట పనిచేసి బ్రదుకుట రెండుచోట్లను చూచినదే కావుటయు అందులకు కారణములు. పేరు మారినను వేరునకు వలసిన మన్ను దొరికినది.

ఫుట్‌బాలు కథలలో ఆంగ్లదేశపు బాలుర పత్రికయందు 1954లో ఆరంభమైన 'రాయ్ ఆఫ్ ది రోవర్స్' ప్రసిద్ధము. అందలి మెల్చెస్టరు రోవర్సు కల్పిత నగరపు కల్పిత సంఘము. దశాబ్దముల కొలది సాగిన ఆ బొమ్మల కథవలన, నమ్మశక్యము కాని రీతిని చివరి నిమిషమున గెలిచిన నిజమైన జట్టును గూడ ఆ కథ పేరుతో పోల్చి చెప్పుట ఆంగ్లమున వాడుకయైనది. కల్పితము నిజమునకు ఉపమానమైనదన్నమాట.

ఉత్పాద్య వస్తువును గూర్చి లాక్షణికులు చెప్పిన నియమమొకటి ఇక్కడ స్మరణీయము. నాటకమునకు ప్రఖ్యాత వస్తువు, ప్రఖ్యాత నాయకుడు ఉండవలెను. ప్రకరణమునకు ఉత్పాద్య వస్తువు. దాని నాయకుడు మంత్రియో, విప్రుడో, వణిజుడో కావచ్చును. మృచ్ఛకటికము ప్రకరణము. అందుచేతనే అందు జూదరులు, దొంగ, బండ్లవారు, తలారులు రంగమెక్కిరి. కల్పించు స్వేచ్ఛ యున్నచోటనే చరిత్రలో పేరులేని జనమునకు చోటు దొరకినది. మిల్లు కూలీలును, పశుల కాపరులును గల క్రీడాసంఘమును కల్పించువాడు ప్రకరణ మార్గమున నడచుచున్నాడు.

దేశ కల్పనము

దేశమును కల్పించుట మన సాహిత్యమునకు క్రొత్త కాదు. పింగళి సూరన కళాపూర్ణోదయమున బ్రహ్మ సరస్వతికి వినోదముగ నొక కథ చెప్పును. ఆమె ముఖావయవములును, ఆమె చేష్టలును ఆ కథలో వ్యక్తులును, ఊళ్లును అగును. చెప్పినవాడు బ్రహ్మ కావున ఆ కథ భూలోకమున జరిగి తీరును. కల్పన యథార్థమగుటను గూర్చి ఇంతకంటె సాహసముగ చెప్పిన కావ్యము అరుదు. గురజాడ కన్యాశుల్కమున మార్గము వేరు. విజయనగరము నిజము. దాని చెంత నాటకమునకు వలసిన అగ్రహారములను నిలిపెను. నిజమైన నగరపు వెలుగు ఆ అగ్రహారములపై పడి వానిని నిజము చేసినది. వేయిపడగలలోని సుబ్బన్నపేటయు ఇట్టి కోవలోనిదే.

మన కాలమున చలనచిత్రములు ఈ పనిని విస్తారముగ చేయుచున్నవి. 2015, 2017 సంవత్సరములలో రెండు భాగములుగ వచ్చిన 'బాహుబలి'లోని మాహిష్మతి ప్రాచీన నామమే. రాజ్యము మాత్రము కల్పితము. అందలి కాలకేయులకు కిలికి అను భాషను సైతము నిర్మించిరి. 2023లో వచ్చిన 'సలార్'లోని ఖాన్సారు, కల్పిత రాజ్యము. దానికి తెగలు, శాసనములు, వారసత్వపు పోరులు ఉన్నవి. వీనిని చూచి పెరిగిన విద్యార్థికి లేని దేశమును కల్పించుట వింతగ తోపదు. ఆ దేశమున సాయంకాలము జనులు ఏ ఆట చూతురు, ఎవరు గెలిచిన సంతసింతురు అను ప్రశ్న మాత్రము వాడు వేసికొనుట లేదు. కత్తి పట్టినవారే ఉన్న దేశము సగము దేశము. పని ముగించుకొని మైదానము చుట్టు నిలుచుండు జనము చేరినపుడే అది నిండును.

కల్పనకు లక్షణములు

ఇంతవరకు చూచిన ఉదాహరణముల నుండి కొన్ని లక్షణములను తీయవచ్చును. చెప్పుటకు సుకరముగ నుండునని, చోడవరము పరిసరములలోని విద్యార్థి యొకడు లేని దేశమున ఫుట్‌బాలు సంఘమును కల్పింప బూనినాడని అనుకొందము.

మొదటిది హేతువు. సంఘము ఊరక పుట్టదు. ఆంగ్లదేశమున ఆర్సెనలు 1886లో వుల్విచి ఆయుధాగారపు పనివారు స్థాపించినది. మాంచెస్టరు యునైటెడు 1878లో రైల్వే పనివారు పెట్టుకొనిన జట్టు. వెస్ట్ హాము ఓడలు కట్టు కర్మాగారమున 1895లో పుట్టినది. మన విద్యార్థికి ఇరుగుపొరుగున చెరకు తోటలును, అనకాపల్లి బెల్లపు బజారును, గోవాడలో నెలకొల్పిన సహకార చక్కెర కర్మాగారమును తెలిసినవి. కావున వాని కల్పిత దేశమున చక్కెర మిల్లు పనివారే సంఘము పెట్టుట సహజము. అంతట కార్యకారణ పరంపర తానై నడచును. చెరకు ఆడు కాలము శీతకాలము మొదలు వేసవి తొలినాళ్ల వరకు. ఆ నెలలలో పనివానికి తీరిక లేదు. తీరిక దొరకునది వానకాలమున. వానకాలమున మైదానము బురద. బురదలో బంతి నేలమీద దొరలదు. కావున ఆ జట్టు బంతిని ఎత్తి దూరముగ కొట్టుటయందు ఆరితేరును. ఎండలో ఎండిన గట్టినేలపై ఆడునపుడు తడబడును. ఒక్క పంట నుండి ఒక ఆటతీరు పుట్టినది. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యము ఇట్టిది. ఏ అంగమునకు ఆ అంగము తగియుండుట.

రెండవది నామము. ఆర్సెనలు 1913లో ఉత్తర లండనునకు తరలిపోయినది. ఆయుధాగారము వెనుకనే నిలిచినది, పేరు మాత్రము వెంట వచ్చినది. నిజమైన పేరు నశించిన చరిత్రను దాచుకొనును. అంతియేకాదు, నిజమైన పేరు ఒక్క అర్థమునకు లొంగదు. చోడవరము అను పేరునే చూడుడు. చోడరాజుల వంక చూచినవానికి ఒక అన్వయము, ఈ ప్రాంతమున చోళ్లు, చోడి అని పిలువబడు పంట వంక చూచినవానికి వేరొక అన్వయము స్ఫురించును. కల్పించువాడు సామాన్యముగ ప్రతి పేరునకు ఒకే అర్థము, ఒకే వ్యుత్పత్తి ఇచ్చి తృప్తిపడును. అంత స్పష్టముగనున్న పేరు నమ్మదగినది కాదు. జనులు పేరు పుట్టుకను గూర్చి తగవులాడుకొను ఊరే ఊరు.

మూడవది పరాజయము. కల్పించువానికి తన సంఘముపై ప్రేమ మెండు. అన్ని కప్పులను దానికే ఇచ్చివేయును. రోవర్సు కప్పును ఐదేండ్లు వరుసగ గెలిచిన హైదరాబాదు జట్టు సైతము 1952 డ్యూరాండు తుదిపోటీలో ఈస్టు బెంగాలు చేతిలో ఓడినది. ఓటమిలేని చరిత్ర ప్రశస్తియే కాని చరిత్ర కాదు.

నాలుగవది ఇతరుల ఉనికి. ఒక్క సంఘముతో లీగు నడవదు. ప్రత్యర్థికి తన పట్టణము, తన కోపము, తన న్యాయము ఉండవలయును. ప్రత్యర్థి పక్షమున నిలిచి చూచినపుడు గూడ కథ కథగానే నిలిచినచో ఆ దేశము నిలిచినట్లు.

పరిశోధకునికి సంబంధించినది

ఈ విచారమునకు ప్రయోజనము కల్పన మెలకువలు నేర్పుట మాత్రమే కాదు. నేడు కల్పిత సంఘముల చరిత్రలు విజ్ఞానసర్వస్వపు ఫక్కిలో, సంవత్సరములు, పట్టికలు, మైదానపు కొలతలతో సహా వ్రాయబడుచున్నవి. రూపమును బట్టి చూచినచో నిజమైన దానికిని దీనికిని భేదము కనబడదు. తెలియని విద్యార్థి దానిని ప్రమాణముగ గైకొను ప్రమాదము కలదు. దీనికి మన శాసన పరిశోధన మార్గమే మందు. పులకేశి ప్రతాపమును 634 నాటి ఐహోళె శాసనము చెప్పును. పల్లవులతో ఆ పోరు తుద ఏమైనదో తెలియుటకు పల్లవుల శాసనములను గూడ చూడవలయును. అట్లే విజయమును విజేత పట్టికలో గాక ఓడినవాని పట్టికలో వెదకవలయును. 1950లోను, 1961లోను మన పోలీసు జట్టులు డ్యూరాండు తుదిపోటీలలో గెలిచినది మోహన్ బగానుపై. కలకత్తా సంఘపు చరిత్రలో ఆ రెండు ఓటములును నమోదైయున్నవి. కల్పిత సంఘమునకు ఇట్టి బహిస్సాక్ష్యము దొరకదు. దానికి సాక్షులందరును ఒక్క కలమునుండి పుట్టినవారే.

ఇంకొక విషయము ఇంతకంటె బరువైనది. లేని సంఘమునకు లేని విజయముల పట్టిక నిండుగ నున్నది. ఉండిన సంఘమునకు, దాని మైదానముల అంచున నిలిచి చూచినవారి జ్ఞాపకములకు, పోలీసు లైనులలో ఆటతో పాటు పుట్టిన మాటలకు, ఉర్దూ తెలుగుల నడుమ రూపుదిద్దుకొనిన ఆటగాండ్ర పరిభాషకు తెలుగున తగిన రచన మనము సమకూర్చుకొనలేదు. ఆ తరము ఒక్కొక్కరుగ వెడలిపోవుచున్నది. పల్లె కబడ్డీ జట్లది, మిల్లు జట్లది, పాఠశాల జట్లది అంతకంటె హీనస్థితి. వారు పోయినచో ఆ కథను చెప్పదలచినవానికి కల్పన తప్ప గతి యుండదు. ప్రఖ్యాతముగ నుండవలసినది మన అశ్రద్ధవలన ఉత్పాద్యమగును.

కావున ఉపాధ్యాయులకును, పరిశోధక విద్యార్థులకును మా విన్నపమిది. తరగతిలో కల్పిత దేశమును, కల్పిత సంఘమును నిర్మింపజేయుడు. హేతువు, నామము, పరాజయము, ప్రత్యర్థి అను నాలుగింటితో దానిని పరీక్షింపజేయుడు. దానితోపాటు ప్రతి విద్యార్థియు తన ఊరిలో నిజముగ ఆడిన జట్టు నొకదానిని గూర్చి, ఆడినవారిని, ఓడించినవారిని అడిగి, వారి మాటలలోనే వ్రాసికొని రావలెనని నియమింపుడు. రెండు వ్రాతలను ప్రక్కప్రక్క నుంచి చదివినపుడు ఇతివృత్త విభాగము విద్యార్థికి సూత్రముగ గాక అనుభవముగ తెలియును. మన భాషకు కొంత చరిత్రయు మిగులును.